పలుకుతూ ఉండమనండి

మా ఆవిడంత పిరికి మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. గ్యాస్ కట్టేశామో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకునేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. మా ఆవిడ బస్సెక్కాక దిగి వస్తుంది. వచ్చి, చూసి, మళ్ళీ తలుపుకు తాళం వేసి, దాన్ని పట్టుకుని లాగి, "ఏమండీ, మీరు కూడా ఒకసారి లాగి చూడండి" అంటుంది. పెళ్ళయిన కొత్తలో కోప్పడేవాణ్ణి. పోనుపోను నేనే ముందుగా లాగి చూపించడం నేర్చుకున్నాను. కాపురం అంటే సగం అదే.

"నీకు భయపడటానికి ఏమీ దొరక్కపోతే, ఇవాళ ఏమీ దొరకలేదేంటని భయపడతావు" అని ఏడిపిస్తుంటాను. నవ్వదు. ఆలోచిస్తుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. వాళ్ళమ్మ పోయేనాటికి ఈమె ఇంకా చదువుకుంటోంది. తమ్ముడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. తండ్రి లారీ తోలుకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి. పొయ్యి, నీళ్ళు, పిల్లాడు, అన్నీ ఈమె నెత్తిన పడ్డాయి. ఆ పిల్లాణ్ణి కళ్ళలో వత్తులు వేసుకుని పెంచింది. ఇప్పుడు వాడు గుమ్మంలోంచి వంగి రావలసినంత పొడుగయ్యాడు. అయినా రోడ్డు దాటేటప్పుడు వాడి చొక్కా పట్టుకుంటుంది.

మా ముగ్గురిదీ ఒకటే ఫ్యాక్టరీ. చెక్క పలకల్ని అతికించే జిగురు తయారు చేస్తాం. నేను కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ని. మా బావమరిది కింద షెడ్డులో, యంత్రాల మధ్య తిరిగే ఫీల్డు ఆపరేటరు. వాణ్ణి ఆ ఉద్యోగంలో పెట్టించింది నేనే కాబట్టి, వాడికి కాలికి దెబ్బ తగిలినా జలుబు చేసినా ఇంట్లో అక్షింతలు నాకే. మా ఆవిడ ఆఫీసు భవనంలో ఒక చల్లటి గదిలో శాలువా కప్పుకుని కూర్చుని కంప్యూటర్లను చూసుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆమెను అందరూ పేర్ల మేడమ్ అంటారు.

ఎందుకంటే, మా దగ్గర ఎవరు ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ముందు తన పేరు, రహస్య పదం కొట్టాలి. ఆ పేర్లన్నీ డైరెక్టరీ సర్వర్ అనే ఒక్క యంత్రంలో ఉంటాయి. నేను కంట్రోల్ రూమ్‌లో పేరు కొట్టగానే అక్కడి కంప్యూటరు ఈ డైరెక్టరీని అడుగుతుంది, ఫలానా మనిషి ఉన్నాడా, ఉంటే ఏ పనులు చేయనివ్వొచ్చు అని. అది ఉన్నాడంటేనే నాకు తలుపు తెరుచుకుంటుంది. కొత్తగా చేరినవాడి పేరు అందులో ఎక్కించేదీ, మానేసినవాడి పేరు తీసేసేదీ మా ఆవిడే.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. తంటా అంతా ఆ అడగడంలోనే ఉంది. మా కంప్యూటర్లన్నిటిదీ యునిక్స్ అనే సాఫ్ట్‌వేరు వంశమే, కానీ వేర్వేరు కంపెనీలవాళ్ళు వేర్వేరు కాలాల్లో చేసినవి. ఒక్క తల్లి బిడ్డలే అయినా ఒకడికున్న బుద్ధి ఇంకొకడికి ఉండదు. డైరెక్టరీ ఎక్కడుందో ఒకటి ఒక ఫైల్లో చదువుకుంటుంది, ఇంకొకటి ఇంకో ఫైల్లో. ఒకటి జవాబు రాకపోతే తన దారి తాను చూసుకుంటుంది, ఇంకొకటి అలిగి కూర్చుంటుంది. మా ఆవిడ వీటి గుణగణాలు అత్తారింట్లో మనుషుల్ని తెలుసుకున్నట్టు ఒక్కొక్కటే తెలుసుకుంది. అన్నిటికంటే ముసలిది జిగురు వండే రియాక్టరును నడిపే కంప్యూటరు. దాన్ని మేమంతా తాతగారు అనేవాళ్ళం. తాతగారిని మార్చాలంటే రియాక్టరు ఆపాలి. రియాక్టరు ఆపడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. అందుకని తాతగారు అలాగే ఉండిపోయారు.

పాత డైరెక్టరీ సర్వరు రొప్పడం మొదలుపెట్టిందని కొత్తది కొన్నారు. మార్పు రోజు దగ్గర పడేకొద్దీ మా ఆవిడకు అన్నం సహించలేదు. చివరికి ఆ రోజు పొద్దున్న షిఫ్టు మధ్యలో, ఎవరూ కొత్తగా పేరు కొట్టని వేళ చూసుకుని పనికి దిగింది. ఒక్కో కంప్యూటరులోకీ తన పేరుతో వెళ్ళి, డైరెక్టరీ కొత్త చిరునామా రాసింది. తర్వాత పాత సర్వరును ఆపింది. ఆపాక మళ్ళీ ఒక్కోదానిలోకీ తన పేరు కొట్టి చూసింది. అన్నీ తలుపు తీశాయి. తాతగారైతే అందరికంటే ముందు తీశారు.

నేను మధ్యాహ్నం షిఫ్టుకు బయల్దేరుతుంటే ఫోన్ చేసింది.

"అన్నీ పలుకుతున్నాయండీ."

"మరి గొంతేంటి అలా ఉంది?"

"ఏమో, ఇంత తేలిగ్గా అయిపోయిందేంటా అని."

"అదిగో, మొదలుపెట్టావు" అని పెట్టేశాను.

మా కంట్రోల్ రూమ్‌లో ఒక పద్ధతుంది. షిఫ్టు దిగేవాడు కంప్యూటరులోంచి తన పేరు తీసేసి లేవాలి. ఎక్కేవాడు తన పేరు వేసుకుని కూర్చోవాలి. ఒకడి పేరు మీద ఇంకొకడు మీట నొక్కితే ఉద్యోగం ఊడుతుంది. జిగురు పాడైనా, మనిషి పోయినా, ఆ వేళప్పుడు తెర మీద ఎవరి పేరుంటే వాడిదే పూచీ. అందుకని అందరం ఆ నియమాన్ని ప్రాణంగా పాటిస్తాం. మధ్యలో ఎవరి పేరూ లేని ఆ కాసేపు తెర మీద అంకెలు కనిపిస్తాయి, కానీ కంప్యూటరు ఎవరి మాటా వినదు.

పొద్దున్న షిఫ్టు మీసాలాయనది. అంత మీసాలున్నా మనిషి నిదానం. నన్ను చూసి కుర్చీ వెనక్కి జరిపి, "జిగురు ఉడుకుతోంది. వేడి ఎక్కడం మొదలైంది, కూర్చోగానే చల్లనీళ్ళు తిప్పెయ్" అని చెప్పి, తన పేరు తీసేసి లేచాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ జిగురు ఒక దశ దాటాక మనం మంట పెట్టక్కర్లేదు, తన వేడి తానే పుట్టించుకుంటుంది. ఆ సమయానికి రియాక్టరు చుట్టూ ఉన్న గొట్టంలోకి చల్లనీళ్ళు వదలాలి. వదలకపోతే వేడి వేడిని పెంచుతుంది, ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, ఆ తర్వాత సంగతి మేమెవరం నోటితో అనుకోం.

కూర్చుని పేరు కొట్టాను. రహస్య పదం కొట్టాను. తాతగారు ఏమీ అనలేదు. తప్పు కొట్టావనీ అనలేదు, రమ్మనీ అనలేదు. తెర మూలన చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇంకో తెర తెరిచి మళ్ళీ కొట్టాను. అదే గీత.

"మీరు కొట్టండి ఒకసారి" అన్నాను మీసాలాయనతో. ఆయన అప్పటికే సంచీ భుజాన వేసుకున్నాడు. వంగి తన పేరు కొట్టాడు. ఇందాకటిదాకా లోపలే ఉన్న మనిషి. ఆయనకూ గీతే జవాబు.

గోడ మీది పెద్ద పలక మీద రియాక్టరు వేడి కనిపిస్తోంది. అంకె మారింది.

షిఫ్టు ఇన్‌చార్జి అద్దాల గదిలోంచి వచ్చాడు. రియాక్టరును వేడి చేసే ఆవిరిని ఆపే ఎర్ర మీట నొక్కాడు. ఆవిరి ఆగింది, అంకె ఆగలేదు. ఇలాంటి వేళ కోసమే తాతగారి సొంత ఫైల్లో ఒక అత్యవసర పేరు ఉంది, దాని రహస్య పదం సీలు వేసిన కవరులో ఉంటుంది. ఇన్‌చార్జి కవరు చింపాడు. తొందరలో లోపలి కాగితం కూడా సగం చిరిగింది. ఆ పేరు కొట్టాం. ఆ పేరుకు డైరెక్టరీతో పనే లేదు, తాతగారికి చిన్నప్పటి నుంచి తెలిసిన పేరు. దానికీ పలకలేదు.

మా ఆవిడకు ఫోన్ చేశాను. "తాతగారు ఎవర్నీ రానివ్వడం లేదు" అన్నాను.

"జిగురు ఏ దశలో ఉంది?" అంది.

"నీళ్ళు తిప్పాల్సిన దశ."

"తమ్ముడు ఎక్కడ?"

దానికి నేను జవాబు చెప్పకముందే నా ఎడమచేతిలోని వాకీటాకీ పలికింది. "బావా, ఇక్కడ గొట్టం వేడిగా ఉంది, నీళ్ళు రావట్లేదేంటి?"

రియాక్టరు పక్కన, మేడంత ఎత్తున ఇనుప వేదిక మీద, చేత్తో తిప్పే నీళ్ళ చక్రం ఒకటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పింది లేదు. అది తిప్పాలంటే మనిషి రియాక్టరును ఆనుకుని నిలబడాలి. తల పైనే సేఫ్టీ వాల్వు. లోపలి ఒత్తిడి హద్దు దాటితే అది తెరుచుకుని ఆవిరిని కప్పు మీదకు చిమ్ముతుంది. ఇన్‌చార్జి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. పంపమని ఆయన అనలేదు, పంపుతానని నేను అనలేదు.

"బావా, నేను పైకెక్కుతున్నా, చక్రం తిప్పుతా" అన్నాడు వాడే.

"ఒరేయ్, ఆగరా" అన్నాను. అప్పటికే ఇనుప మెట్ల మీద వాడి బూట్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ మాట ఫోన్లో మా ఆవిడ కూడా వింది. నేను చెప్పకుండానే అంతా అర్థమైపోయింది ఆమెకు.

తర్వాత ఆమె గదిలో ఏం జరిగిందో తాను చెప్పగా తెలుసుకున్నదే చెబుతున్నాను. నేల మీదే కూర్చుందట, ఒళ్ళో కీబోర్డు పెట్టుకుని. ముందు పాత సర్వరు మీట నొక్కింది. అది ముసలి యంత్రం, లేచి, తన డిస్కులన్నీ తడుముకుని, కళ్ళు తెరవాలంటే చాలాసేపు పడుతుంది. అది లేచేదాకా ఆగితే అయినట్టే. ఈలోగా తన బల్ల మీది కంప్యూటరులోంచి నా పేరు అడిగి చూసింది. డైరెక్టరీ వెంటనే పలికింది. అంటే డైరెక్టరీ బాగానే ఉంది. తన పేరుతో తాతగారిలోకి వెళ్ళింది. తలుపు తీశారు. అక్కణ్ణుంచి నా పేరు అడిగింది. గీత ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది.

నా పేరు తెలియదు, ఆమె పేరు తెలుసు. అప్పుడు అర్థమైంది ఆమెకు. తాతగారికి ఒక అలవాటు, ఎవరి గురించైనా ఒకసారి అడిగి తెలుసుకుంటే కాసేపు దాన్ని గుర్తుపెట్టుకుంటాడు, మళ్ళీ మళ్ళీ అడగడు. పొద్దున్న చిరునామా మార్చడానికి ఆమె తన పేరుతోనే కదా లోపలికి వెళ్ళింది. అప్పటికి పాత సర్వరు ఇంకా బతికే ఉంది. ఆ జవాబే తాతగారి మనసులో ఉండిపోయింది. పాతది ఆపాక ఆమె పరీక్ష చేసినప్పుడు ఆయన ఎవర్నీ అడగలేదు, గుర్తున్నది చెప్పాడు. మీసాలాయన ఎప్పుడో పొద్దున్నే పేరు కొట్టాడు కాబట్టి ఆ గుర్తు చెరిగిపోయింది. ఆమెది ఇంకా చెరగలేదు. తాళం లాగి చూసే మనిషి, ఇంకొకరి చేత కూడా లాగించే మనిషి, ఆ ఒక్కసారి తన చేత్తో తానే లాగి చూసుకుంది. ఇంకెవరి పేరు కొట్టి చూసినా పొద్దున్నే బయటపడేది.

మరి చిరునామా మార్చింది కదా, అంటే మార్చింది. తాతగారి తర్వాతి తరంవాళ్ళు చదివే ఫైల్లో మార్చింది. అదే పేరున్న ఫైలు తాతగారి దగ్గరా ఉంది, కానీ ఆయన దాని ముఖమైనా చూడడు. ఆయనకు వేరే ఫైలు ఉంది. దాన్ని మారుద్దామంటే ఆమె మామూలు పేరుతో లోపల చూడగలదే తప్ప ఏదీ ముట్టుకోలేదు. పొద్దున్న రాయడానికి వాడిన పెత్తనపు పేరును ఆయన గుర్తుపెట్టుకోడు, అది కొడితే మళ్ళీ గీతే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇవన్నీ ఆమెకు తోస్తుండగా ఇక్కడ నా పరిస్థితి చెప్పుకోవాలి. కుడి చెవికి ఫోను, ఎడమ చేతిలో వాకీటాకీ, కళ్ళు గోడ మీది అంకె మీద. ఇన్‌చార్జి సైరన్ మోగించాడు. కిటికీలోంచి చూస్తే షెడ్డులోంచి జనం గేటు వైపు పరుగెడుతున్నారు. మీసాలాయన వెళ్ళిపోవచ్చు, షిఫ్టు అయిపోయింది. వెళ్ళలేదు. నా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"చక్రం బిగిసిపోయింది బావా" అన్నాడు వాకీటాకీలో బావమరిది. "కొంచెం కదిలింది. నీళ్ళు సన్నగా వస్తున్నాయి."

"చాల్లే, దిగిపో" అన్నాను.

"ఇంకొంచెం తిప్పుతా."

ఆ తర్వాత పలకలేదు. నేను పిలిచాను. మళ్ళీ పిలిచాను. అప్పుడు నాకు గుర్తుకొచ్చింది, షెడ్డులో కంప్రెసరు హోరుకు అందరూ చెవులు మూసే ప్లాస్టిక్ డిప్పలు పెట్టుకుని పనిచేస్తారు. పైన హోరు ఎక్కువ. డిప్పల్లోంచి వాడికి నా పిలుపు వినబడటం లేదు, అంతే అయి ఉండాలి. అంతే అయి ఉండాలని మొక్కుకున్నాను.

ఫోన్లో మా ఆవిడ అడిగింది. "వాడేడీ? మాట్లాడటం లేదేంటి?"

"పనిలో ఉన్నాడు."

"వాణ్ణి పలుకుతూ ఉండమనండి. ఏదో ఒకటి అంటూ ఉండమనండి. వాడి గొంతు వినిపిస్తుంటే నేను ఆలోచించగలను, లేకపోతే నాకు ఏమీ తోచడం లేదు."

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళుగా ఆమె భయాన్ని ఎగతాళి చేసినవాణ్ణి, అది అసలు సిసలు రూపంలో ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను. వాకీటాకీ నోటికి ఆనించుకుని గట్టిగా అరిచాను. చాలాసేపటికి వాడు విన్నాడు.

"ఏంటి బావా?"

"అక్క నిన్ను పలుకుతూ ఉండమంటోంది."

"వినబడి చావట్లేదు ఈ డిప్పలతో. ఉండు." కరకరమని ఏదో చప్పుడు. "ఆ, ఒక పక్క తీశా. చెప్పు అక్కకి, ఉన్నానని చెప్పు."

ఉన్నాడని చెప్పాను. వాడు మాట ప్రకారం పలుకుతూనే ఉన్నాడు. "ఉన్నా. తిరుగుతోంది. ఉన్నా. అబ్బ, ఇది నీ బుర్రకంటే మొండిది బావా. ఉన్నా." ప్రతి 'ఉన్నా'ను ఫోను దగ్గర పెట్టి ఆమెకు వినిపించాను.

అవి వింటూ ఆమె తాతగారి గురించి ఆలోచించింది. ఆయన పాత చిరునామాను అడుగుతున్నాడు. అక్కడ సర్వరు ఇంకా లేవలేదు. జవాబు లేదు. జవాబు లేకపోతే ఈ పాత రకం యంత్రం ఎదురు చూస్తుంది, చూసి చూసి మళ్ళీ అడుగుతుంది. అత్యవసర పేరు తన సొంత ఫైల్లోనే ఉన్నా, ఆ పేరు ఏయే గుంపుల్లో ఉందోనని డైరెక్టరీని కూడా అడిగితేగాని ఊరుకోదు. అదే, అక్కడ ఎవరైనా ఉండి 'ఇక్కడ డైరెక్టరీ లేదు, పో' అని ముఖం మీద చెబితే? అప్పుడు మారు మాట్లాడకుండా తన ఫైలు చూసుకుని తలుపు తీస్తుంది. ఆయనకు లేదన్నా ఫరవాలేదు, మౌనమే పడదు.

ఒకే చిరునామా రెండు యంత్రాలకు కుదరదు కాబట్టి పాత సర్వరును మళ్ళీ ఆపేసింది. తన బల్ల మీది కంప్యూటరుకే ఆ పాత చిరునామా పెట్టింది. ఆ కంప్యూటరులో డైరెక్టరీ లేదు గీరెక్టరీ లేదు. వచ్చి అడిగినవాడికి లేదని చెప్పడం మాత్రం దానికి వచ్చు.

"కొట్టండి" అంది ఫోన్లో. "కవరులో పేరు మళ్ళీ కొట్టండి."

ఇన్‌చార్జి కొడుతున్నాడు. వేలు జారి తప్పు కొట్టాడు. చెరిపి మళ్ళీ కొడుతున్నాడు. "ఉన్నా బావా" అన్నాడు వాకీటాకీలో వాడు.

అప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకుంది.

నేను దాన్ని చెవులతో విన్నానని చెప్పలేను. కిటికీ అద్దాలు అదిరాయి, బల్ల మీది గ్లాసు నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. షెడ్డు కప్పు మీద తెల్లటి ఆవిరి గోడలా లేచింది. వాకీటాకీలో ఒక్క క్షణం చెవులు చిల్లులు పడే గోల వినిపించి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

తెర వెలిగింది. తాతగారు తలుపు తీశారు. నా చేతులు నావి కానట్టు వెళ్ళి నీళ్ళ మీట నొక్కాయి. నీళ్ళు పూర్తిగా తిరిగాయి. అంకె ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఒకటి తగ్గింది. మీసాలాయన కుర్చీ వదిలి గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు.

"నీళ్ళు తిరిగాయి" అన్నాను ఫోన్లో.

"వాడు పలకడం లేదు" అంది ఆమె.

నేను కంట్రోల్ రూమ్ వదలకూడదు. ఇన్‌చార్జి నా ముఖం చూసి, "వెళ్ళవయ్యా, నేను చూసుకుంటా" అన్నాడు. షెడ్డు దాకా ఎలా పరుగెత్తానో తెలియదు. మెట్ల కింద మా ఆవిడ నాకంటే ముందే ఉంది, శాలువా ఎక్కడో పడిపోయింది, కాళ్ళకు చెప్పులు లేవు. గాలికి కూడా జడిసే మనిషి, సెగలు కక్కుతున్న ఆ ఇనుప మెట్లు ఎక్కబోతుంటే సేఫ్టీవాళ్ళు రెక్కలు పట్టి ఆపుతున్నారు. వాళ్ళలో ఒకడి చెయ్యి కొరికింది.

అప్పుడే ఆవిరిలోంచి వాడు దిగివచ్చాడు. ఒళ్ళంతా తడిసి ఉంది. ఒక చేత్తో కుడి చెవి మూసుకున్నాడు. మమ్మల్ని చూసి, ఊరందరికీ వినిపించేలా, "ఉన్నానని చెప్పా కదా" అని అరిచాడు. తాను అరుస్తున్నట్టు వాడికే తెలియదు. ఆమె వాడి చొక్కా పట్టుకుంది. గేటు దాకా, అంబులెన్సు దాకా, ఆసుపత్రి మంచం దాకా వదల్లేదు.

విచారణ జరిగింది. మా ఆవిడ లేచి నిలబడి, తప్పు ఫైలు మార్చింది నేనే, నా పేరుతోనే పరీక్ష చేసింది నేనే అని చెప్పింది. తాతగారిని ఇంకా ఉంచినందుకు పైవాళ్ళకీ, చక్రానికి నూనె పెట్టనందుకు మెయింటెనెన్సుకీ వాటా పడింది. తిలాపాపం తలా పిడికెడు. ఆమె ఉద్యోగం పోలేదు. ఇప్పుడు ఏ మార్పు చేసినా ఆ యంత్రం ఎన్నడూ వినని మనిషి పేరు కొత్తగా ఎక్కించి, దానితో అడిగి చూస్తుంది.

విచారణలో బావమరిదిని ఒకటే అడిగారు, చెవి డిప్ప ఎందుకు తీశావని. వాడు నా వైపు చూడలేదు.

"మర్చిపోయాను సార్. తొందరలో ఒకటి సరిగా పెట్టుకోలేదు" అన్నాడు.

నిర్లక్ష్యం అని వాడికి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. బయటికొచ్చాక, "అక్కకి చెప్పావంటే చూడు బావా" అన్నాడు. నేను చెప్పలేదు.

కుడి చెవిలో నరం పోయిందని డాక్టరు తేల్చేశాడు. మందు లేదు, మిషను పెట్టినా పనిచేయదు. వాడు దాన్ని కూడా హాస్యానికే వాడుకుంటాడు, నేను తిట్టేటప్పుడు కుడి పక్కకి తిరుగుతాడు. మా ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి వాడి కుడి పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో కూడా చుట్టూ తిరిగి వచ్చి ఎడమ వైపే కూర్చుంటుంది. వడ్డించేటప్పుడు ఎడమ వైపు నుంచే వంగుతుంది.

మొన్న సెలవు రోజు మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. వాడు తల వంచుకుని తింటున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటు వదిలేసి, వాడి కుడి పక్కన కూర్చుంది. అలవాటు తప్పి కూర్చుందేమో అనుకుని, ఇటు రమ్మని చెప్పబోయాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. నేను కూర వడ్డించుకున్నాను. ఆమె వాడి కుడి చెవి దగ్గరకు వంగి, నాకే సరిగా వినబడనంత నెమ్మదిగా అడిగింది.

"నేను పలకమన్నాననే తీశావా?"

వాడు ముద్ద నమిలి మింగాడు. ఆమె అలాగే వంగి ఉంది. పక్కన ఎవరో ఉన్నట్టు తోచిందేమో, వాడు తల తిప్పి చూశాడు.

"ఏమన్నావక్కా?"

ఆమె వాడి ముఖంలోకి చూసింది. అడగాలనుకుంటే మళ్ళీ అడగొచ్చు, ఇప్పుడు వాడి ఎడమ చెవికి అందుతుంది.

"ఏం లేదురా, తిను" అంది. లేచి వెళ్ళి వాడి ఎడమ పక్కన కూర్చుంది.